వాసిటి దోసిలి చప్పుడు

"చప్పట్లు వద్దన్నందుకు నన్ను రాక్షసి అన్నారు తమ్ముడూ. మనవరాలు పరిగెడుతుంటే చప్పట్లు వద్దనే అమ్మమ్మ లోకంలో ఉంటుందా అని. ఆ ఆకు ఇటు అందుకో, తడిది కాదు, ఎండింది."

మొగలి ఆకు అందించాను. వాసిటి మాట్లాడితే చాప అల్లుతూనే మాట్లాడుతుంది. వేళ్ళ కీళ్ళు అల్లం కొమ్ముల్లా వాచిపోయాయి, అయినా చెయ్యి ఆగదు. నేను వునిసెయా రేవుకి పడవ నడుపుతాను. మా కందవు దీవిలో ఈ ఒడ్డున ఆగినప్పుడల్లా ఆమె గుమ్మంలో కాసేపు కూర్చోకుండా వెళ్ళను.

ఆమె కూతురి బిడ్డ కెలేరాకి పుట్టుకతోనే చూపు లేదు. కూతురు సువా పట్నంలో పని చేసుకుంటుంది, పిల్లని వాసిటే పెంచింది. పాకే వయసులో పిల్ల అలల వైపు వెళ్ళిపోయేదట. పిలిస్తే గొంతుని సముద్రపు గాలి ఎటో ఎగరేసుకుపోయేది. అప్పుడు వాసిటి అరచేతులు దొప్పల్లా వంచి కొట్టింది. పెద్దలు యంగోనా వేరు దంచి కలిపిన నీళ్ళు తాగేచోట మర్యాదకి కొట్టే చప్పుడది. లోతుగా, గుల్లగా, బావిలో రాయి పడ్డట్టు ఉంటుంది. పిల్ల తిరిగి ఆ చప్పుడుకేసి పాకింది. ఆనాటి నుంచి ఇంటికైనా, చర్చికైనా, బడికైనా దానికి అదే దారి.

బడిలో ఉనైసి టీచరు కొత్త రకం ఆటల పోటీ పెట్టింది. అందులో పిల్లలందరిదీ ఒకటే వరస. చెవులు వినబడనివాడి కోసం ఈలకి బదులు ఎర్రగుడ్డ దించుతారు. చంకకర్రల జోనే అందరి పక్కనే నిలబడతాడు. కెలేరా కోసం గీత అవతల వాసిటి నిలబడి దోసిలి కొట్టాలి.

"మొదటి ఏడు ఏం చేశారో తెలుసుగా," అంది వాసిటి. "పిల్ల కదిలిందో లేదో, పెద్దలంతా చాపల మీద సర్దుకుని కూర్చుని మర్యాదగా దోసిళ్ళు కొట్టారు. దీవి దొరకి ఇచ్చే గౌరవం దానికిచ్చారు. తప్పు పట్టలేను. కానీ దానికి నాలుగు దిక్కులా నేనే అయిపోయాను. 'ఏది నువ్వు, అమ్మమ్మా?' అని అరుస్తూ తిరిగి తిరిగి గోలు స్తంభానికి కొట్టుకుంది. నుదురు చీలింది."

ఆ తరువాత ఇంకో పిల్ల నడుముకి తాడు కట్టి పరిగెత్తిద్దామన్నారు. కెలేరా ఒప్పుకోలేదు. "నేనేమైనా మేకనా?" అంది. నెలల తరబడి బడి మైదానంలో కాలు పెట్టలేదు. మళ్ళీ పోటీ దగ్గరపడ్డాక ఒకరోజు అన్నం ముందు కూర్చుని, "నా అంతట నేను పరిగెడతా, ఒక్క నువ్వే వినబడితే," అంది.

ఆ మాట పట్టుకుని వాసిటి, పెద్దల్ని ఏదైనా కోరేటప్పుడు ముందు పెట్టే యంగోనా వేరు చేతబట్టి ఊరిపెద్ద ఇసిరేలి ఇంటికి వెళ్ళింది. ఇసిరేలి ఆమెకి వరసకు బావ.

"ఏం మరదలా, వేరు పట్టుకొచ్చావు? ఈ వయసులో నన్ను పెళ్ళికి అడగడానికా?"

"నిన్నడిగేంత గతి పట్టలేదులే బావా. పిల్ల పరిగెత్తేటప్పుడు ఊరు మౌనం పట్టాలి."

ఇసిరేలి నవ్వు ఆగిపోయింది. మా దగ్గర ఊరు మౌనం పట్టేది దొర పోయినప్పుడే. అప్పుడు కేక ఉండదు, డోలు ఉండదు, పిల్లలు ఒడ్డున ఆడరు. ఎత్తేయమని పెద్దలు చెప్పేదాకా అంతే.

"బతికున్న పిల్లకి మైల పట్టమంటావా? నోరెలా వచ్చిందే నీకు!"

"పోయిన దొరకి ఏమీ వినబడదని తెలిసీ అన్ని రాత్రులు నోరు కట్టుకున్నాం బావా. ఇది వింటుంది. దీనికోసం ఒక్క పరుగుసేపు కట్టుకోలేమా?"

ఇసిరేలి ఆ వేరు ముందు చాప మీద కూర్చున్నాడట. చివరికి దాన్ని తాకాడు. తాకితే ఒప్పుకున్నట్టే.

పోటీనాడు నేనూ ఆ గుంపులో ఉన్నాను. ఎర్రగుడ్డ దిగింది. పిల్లల పాదాల చప్పుడు, జోనే కర్రల చప్పుడు, దూరంగా పగడపు దిబ్బల మీద అలలు, వాటన్నిటి మీదా వాసిటి దోసిలి. మిగతా పిల్లలు గీత దాటి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. కెలేరా సగం దూరం వచ్చేసరికి వాసిటి వాచిన వేళ్ళు పట్టేశాయి. చప్పుడు తెగింది. పిల్ల మైదానం నడుమ ఆగిపోయింది. తల అటూ ఇటూ తిప్పింది. పిలవాలని మా అందరి గొంతుల్లోనూ ఉంది. ఎవరూ పిలవలేదు. ఉనైసి టీచరు చొక్కా అంచు పళ్ళతో కరిచిపట్టుకుంది. వాసిటి అరచేతులు లంగాకి తుడుచుకుని మళ్ళీ కొట్టింది.

పిల్ల వచ్చి ఆ చేతుల్లో పడింది. అందరికన్నా ఆఖరున.

అప్పుడే మాకు తెలియకుండా తప్పు జరిగింది. మౌనం పట్టినవాళ్ళం, ఎత్తేయమని ఇసిరేలి చెప్పాలి. ఇసిరేలి ఏడుస్తూ ఆ సంగతే మరిచాడు. పెద్ద చెప్పనిదే ఎవరు నోరు విప్పుతారు? ఊరంతా రాళ్ళలా నిలబడ్డాం.

ఆ నిశ్శబ్దంలో కెలేరా అడిగింది. "అమ్మమ్మా, అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారా?"

వాసిటి అల్లుతున్న చెయ్యి ఇక్కడ ఆగింది.

"ఆ తరువాత ఎంత అరిచారో నీకు తెలుసు. అయినా తమ్ముడూ, ఆ కాసేపూ అది ఖాళీ మైదానంలో నిలబడింది. గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఎవరూ లేరనుకుంది."

శుక్రవారం వునిసెయాలో దీవి బడులన్నిటికీ కలిపి పోటీ. కెలేరా పరిగెడుతుంది. వాసిటి ఎప్పటిలాగే గీత అవతల నిలబడుతుంది. ఈ వాచిన చేతులు ఇంకొక్కసారికి పనికొస్తాయంటుంది. అక్కడి జనానికి మా ఊరి సంగతి తెలియదు.

నేను పడవకి లేచాను. ఆమె నా చొక్కా అంచు పట్టుకుంది.

"ముందుగా వెళ్తున్నావు కదా, ఆ ఊళ్ళవాళ్ళకి చెప్పు. పిల్ల కదిలినప్పటి నుంచీ నోరు మెదపొద్దని చెప్పు. వింటారు, మంచివాళ్ళే. కానీ దాని చెయ్యి నా చేతిని తాకిందా, ఇక ఏ పెద్ద కోసమూ చూడొద్దు. అందరికన్నా ముందు నువ్వే అరిచెయ్యి తమ్ముడూ. నీ గొంతు అది గుర్తుపడుతుంది."