పెదనాన్నగారు చెవి పెట్టి విన్న రోజు

నేను చిన్నప్పుడు అమలాపురంలో మా పెదనాన్నగారింట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆయన డాక్టరు. ఊళ్ళలోని రోగుల కోసం ఒక పాత కారు కొనుక్కున్నారు. నడపడం, బాగుచేసుకోవడం అన్నీ ఆయనే.

ఒక శ్రావణమాసం మధ్యాహ్నం, ముసురులో, అల్లవరం నుంచి ఒక రైతు సైకిలు మీద తడిసి ముద్దయి వచ్చాడు. భార్యకు ముందురోజు నుంచి నొప్పులట, కాన్పు కావడం లేదట. పెదనాన్నగారు వెంటనే సంచీ పట్టుకుని బయలుదేరారు. ఇంజను అందుకుంది గాని, యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే వణికి ఆగిపోయింది. మళ్ళీ స్టార్టు చేసినా అంతే.

"పెట్రోలు పోసినవాడు కల్తీ చేసేడండి" అన్నారు పక్కింటాయన అరుగు మీంచి.

"చూడకుండా ఎవర్నీ అనకూడదండి" అంటూ పెదనాన్నగారు బానెట్ ఎత్తారు.

రైతు కాళ్ళ మీద పడబోయాడు. "బాబుగారండీ, ఎడ్లబండి కట్టిత్తానండి, ఎల్లిపోదామండి."

"బండి మీద వెళ్తే చీకటి పడిపోద్ది నాయనా. ఇది దారిలో ఆగిపోతే మరీ ప్రమాదం. కాస్సేపు ఓర్చుకో."

ఇంజను ఆగకుండా పెద్దమ్మను యాక్సిలరేటరు మీద కాలు ఆనించి ఉంచమన్నారు. గాలి ఎక్కడో చాటుగా లోపలికి పోతోందని ఆయన అనుమానం. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవికి పెట్టుకుని, రెండో కొసను అతుకుల వెంట జరుపుతూ విన్నారు. అనుమానం వచ్చినచోటల్లా దూదితో ఆముదం అద్దారు; చిల్లుంటే నూనె దాన్ని కాస్సేపు మూసి ఇంజను చప్పుడు మారుతుందట. ఇంజను చప్పుడు మారలేదు. రైతు వాకిట్లో నిలబడి ఏడుస్తున్నాడు. ఆయన చెయ్యి మాత్రం తొందరపడలేదు.

చివరికి ఒకచోట ఆగారు. ఆ రోజుల్లో అద్దం తుడిచే వైపరు ఇంజను గాలి పీల్చుకునే బలంతోనే ఆడేది. ఆ రెంటినీ కలిపే రబ్బరు గొట్టం అడుగున చిట్లింది. చిట్లినచోట ఆయన బొటనవేలు అదిమిపెట్టగానే ఇంజను కుదుటపడింది. గొట్టం లాగేసి, ఇంజను వైపు రంధ్రానికి మందుసీసా బిరడా బిగించారు.

ఇక వైపరు లేదు. రైతే కారు ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఒక చేత్తో తలుపు పట్టుకుని, రెండో చేత్తో తువ్వాలుతో దారి పొడుగునా అద్దం తుడుస్తూ వచ్చాడు. పురిటి సాయానికి పెద్దమ్మ కూడా బయలుదేరింది; ఇంట్లో ఒంటరిగా వదల్లేక నన్నూ వెనక సీట్లో కూర్చోబెట్టుకుంది.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

పెదనాన్నగారు గదిలోంచి బయటికి వచ్చేసరికి రైతు తల్లి గుమ్మంలో కూర్చుని కోడల్ని తిడుతోంది. "బరువులెత్తొద్దంటే ఇందా అండీ? అదే పొట్టన పెట్టుకుంది."

ఆయన చేతులైనా కడుక్కోకుండా ఆవిడ ఎదుట నేల మీద కూర్చున్నారు.

"బొడ్డుతాడు బిడ్డ మెడకి చుట్టుకుపోయిందమ్మా. నేను కళ్ళారా చూసేను. బరువులెత్తితే వచ్చేది కాదది. ఆ పిల్ల తప్పేమీ లేదు."

ఆ మాట లోపలున్న ఆమెకు వినబడాలని కాబోలు, మరోసారి గట్టిగా చెప్పారు. గదిలోంచి అప్పుడు వచ్చింది ఏడుపు. అప్పటిదాకా ఆమె ఏడవను కూడా లేదు. ముసలావిడ లేచి లోపలికి వెళ్ళి కోడలి తల ఒళ్ళోకి తీసుకుంది.

ఏళ్ళు గడిచాక నా మొదటి బిడ్డ పురిట్లోనే పోయింది. అప్పటికి పెదనాన్నగారు లేరు. చూడవచ్చినవాళ్ళు తలా ఒక మాట అని వెళ్ళారు. నేను గోడవైపు తిరిగి పడుకుని, ఆయన గొంతుతో నాకు నేనే చెప్పుకున్నాను, ఆ పిల్ల తప్పేమీ లేదని. ఇప్పటికీ మా వాళ్ళలో ఎవరింట అలాంటి కష్టం వచ్చినా, ముందు నేను వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంటాను.