రాజుల పాఠానికి రెండు రోజుల ముందు వెళ్ళాం

సునందమ్మ పిన్ని నాకు చుట్టం కాదు, రాజోలు దగ్గర మా పక్క ఊరు. అజ్మాన్‌లో ఒక అరబ్బుల ఇంట్లో ఏళ్ళ తరబడి వంట చేసి, వీసా క్యాన్సిల్ చేయించుకుని సామానుతో నా గదికి వచ్చేసింది. శనివారం ఫ్లైట్. కాగితాల పని ఆ ఇంటి సారే చూశాడు; మేడంకి మాత్రం వెళ్ళొస్తానని చెప్పి రాలేదు. మొదట్లో జ్వరమొస్తే పక్కన కూర్చున్న ఆ మేడమే, పిన్ని తల్లి పోయినప్పుడు రంజాన్ అయ్యాక వెళ్ళమంది. "దేవుణ్ణి జ్ఞానం అడిగి తెచ్చుకున్న ఇశ్రాయేలు రాజు, చివరికి జనం మీద అంత బరువెలా మోపాడే? అది తెలిస్తే మేడం దగ్గరికి వెళ్ళాలో వద్దో తేల్చుకుంటాను" అంది పిన్ని. జెబెల్ అలీ చర్చిలో తెలుగువాళ్ళకి ఆ రాజుల పాఠాలు చెబుతున్నారని, తీసుకెళ్తానని అన్నది నేనే.

శుక్రవారం పొద్దున్నే అజ్మాన్ బస్టాండులో దుబాయ్ బస్సెక్కాం. మనిషికి పన్నెండు దిర్హాములు. యూనియన్‌లో దిగి రెడ్‌లైన్ మెట్రో పట్టుకుంటే జెబెల్ అలీ వైపు సుమారు గంట. అక్కణ్ణుంచి టాక్సీకి పదిహేను అయింది. పెషావర్ డ్రైవరు పిన్ని ఒళ్ళో పులిహోర డబ్బా చూసి, "అమ్మా, చర్చ్ యా పిక్నిక్?" అని నవ్వాడు. "దోనో" అంది పిన్ని.

తీరా చూస్తే హాలు ఖాళీ. ఫ్రీ జోన్ గోడౌన్‌లో పనిచేసే నిజామాబాద్ అన్న ఒకాయన కుర్చీలు సర్దుతున్నాడు. "క్లాసు ఐతారానికి మార్చిండ్రు అక్కా. శుక్రవారం ఖలాస్" అన్నాడు. 2022లో సెలవులు శని, ఆదివారాలకి మారినప్పటి నుంచి ఇక్కడ ఏది ఎప్పుడు మారుతుందో తెలియదు. నాకు పిన్ని మొహం చూడ్డానికి సిగ్గేసింది.

ముగ్గురం పులిహోర తిన్నాం. పోయిన వారం పాఠం అన్న చెప్పాడు. "ముందుగాల రాజే లేడంట. పక్క దేశపోళ్ళకు ఉన్నడు, మాకూ గావాలె అని జనమే అడిగిండ్రు. రాజొస్తే మీ కొడుకులను రథాల ముంగట ఉరికిస్తడు, బిడ్డలను వంటకు పెట్టుకుంటడు అని వాళ్ళ ప్రవక్త పెద్దాయన చెప్పిండు. అయినా ఇనలే."

"మనమూ ఎవరి మాటా వినకుండానే ఈ దేశం వచ్చాం కదా బాబూ" అంది పిన్ని. "మరి జ్ఞానం అడిగిన రాజు సంగతో?"

"అది ఈ ఐతారం పాఠం."

పిన్ని డబ్బాకి మూత పెట్టేసింది. మర్నాడు ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే మేడం ఇంటి సందు వచ్చింది. పిన్ని టాక్సీ ఆపమనలేదు. నేనూ అడగలేదు.

ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళాను. ఆ రాజు అడిగింది తెలివితేటలు కాదు, వినే మనసు అన్నారు మాస్టారు. అది రానురానూ మూసుకుపోయిందట. జనం మాత్రం బరువు తగ్గించమని నోరు తెరిచింది అతను పోయాక, కొడుకు దగ్గరట. బయటికి రాగానే పిన్నికి ఫోన్ చేసి చెప్పాను.

"అమ్మ పోయిన రోజు నేనూ 'సరే మేడం' అన్నానే తప్ప, వెళ్ళి తీరాలని అనలేదే. ఒకసారి మేడం దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పుకుని రావలసింది" అంది.

పాఠం బాగుంది, దారి సులువు, ఖర్చు తక్కువ. అయినా ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. మీరు వెళ్ళేటట్టయితే ముందు రోజే ఫోన్ చేసి క్లాసు ఎప్పుడో కనుక్కోండి. ఒక్క నిమిషం పని. నేను చెయ్యలేదు.