కొంగులో పడని పిడికెడు

మా బజారుల కొసరు బందు చేయించిన మొనగాన్ని నేనే. సర్కారు చెయ్యలే, తాసిల్దారు చెయ్యలే. ఒకరి మొకం ఒకరు చూడని దుకాణపోళ్లందరిని ఒక్క జంబుఖానా మీద కూసోబెట్టి, కొసరు పెట్టినోడు రూపాయి జుర్మానా కట్టాలని ఒప్పించిన. అప్పటికి నాకు ముప్పై నిండలే. ఇంత తెలివి ఇంత జల్ది ఎట్ల వచ్చెనో అని నాకు నేనే ముచ్చటపడేటోన్ని.

పది పన్నెండేండ్లల్ల మాకు అన్నీ మారినయి. హాలీ సిక్కా పోయి కల్దారు రూపాయి వచ్చింది. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. అణాలు పోయి నయాపైసలు వచ్చినయి. మార్పు వచ్చినప్పుడల్లా గిరాకీలు పరేషాన్ అయ్యేటోళ్లు, మేము అరపైస అటో ఇటో సర్దుకునేటోళ్లం. ఎటు సర్దుకునేటోళ్లమో చెప్పే పని లేదు. ఆఖరుకు సోల, మానిక పోయి కిలో వచ్చింది. మంచిర్యాలకు పోయి, సర్కారు ముద్ర కొట్టిన ఇనుప తూకం రాళ్లు తెచ్చుకున్నం.

మానికతోటి కొలిచినన్ని దినాలు కొసరు తప్పేది కాదు. మానిక మీద కుప్పగా పోసి, సంచిల వంచి, ఆపైన ఒక పిడికెడు. అడిగినా అడగకున్నా పెట్టాలె. కిలో వచ్చినంక నాకు మాట దొరికింది. "తక్కెడ ముల్లు నడుమ నిలబడ్డదంటే ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంకా కొసరు పెడితే మన తూకం మీద మనకే నమ్మకం లేనట్టు" అన్న. బజారంత తలకాయలు ఊపింది.

బాపు ఒక్కడే ఊపలే. "ముల్లుకు ఆకలైతదా బిడ్డా?" అని అడిగిండు. ముసలితనం అనుకున్న.

మా దుకాణానికి రోజూ నేత ఇంటి ఆమె ఒకామె వచ్చేది. పెనిమిటి, మరిది మగ్గాల మీద కూసుంటే ఆమె రాట్నం ముందల కూసొని పొద్దంత కండెలు చుట్టేది. ఏ దినం కూలి ఆ దినం బియ్యానికే. కొన్న బియ్యం సంచిల పోయించుకునేది, కొసరుకు మాత్రం కొంగు పట్టేది. వాళ్లింట్ల అదొక పద్ధతి. సంచిలది ఇంటి కుండకు, కొంగులది ఆమెకు. మొగోళ్లు, పిల్లలు తిన్నంక కుండల అడుగు కనవడితే, కొంగుల మూటను చిన్న ముంతల ఉడకేసుకునేది. ఈ సంగతి నాకు తెల్వదని తప్పించుకోను. "ఆమెకు కొసరు నిండుగ పెట్టు బిడ్డా, అది ఆమె బువ్వ" అని మా అవ్వ ఎన్నిసార్లు చెప్పెనో.

ఉగాది తెల్లారి కట్టుబాటు మొదలైంది. తూచి సంచిల పోసిన. ఆమె కొంగు పట్టింది.

"కొసరు బందైంది అక్కా."

"ఎవలు జేసిండ్రు?"

"కిలో వచ్చింది గద."

"గా కిలో ఎవలింటి పిలగాడు సేటు, గంత పిసినారోడు?"

పక్క దుకాణపోళ్లు సుత నవ్విండ్రు. నేనూ నవ్విన. ఆమె కొంగు గుంజుకొని నడుముకు చెక్కుకున్నది. తర్వాతి దినాలల్ల నాలుగు దుకాణాలు తిరిగింది. నా కట్టుబాటు గట్టిది, ఎక్కడా పిడికెడు దొరకలే. మల్ల మా దుకాణానికే వచ్చింది.

అటెన్క కూడా బియ్యం సంచిల పడంగనే ఆమె చెయ్యి కొంగు మీదికి పోయేది, యాదికొచ్చి ఆగిపోయేది. ఆ చెయ్యిని చూడకుండ నేను ముల్లు దిక్కు చూసేటోన్ని.

ఒక మధ్యాహ్నం నేను తిని వచ్చేసరికి, గద్దె మీద కూసున్న బాపు ఆమె కొంగుల పిడికెడు పోస్తుండు. ఎదురు దుకాణపాయన చూడనే చూసిండు. "ఏం సేటు, కట్టుబాటు మీ ఇంటికి లేదా?" అని కేక పెట్టిండు. నా ఇజ్జత్ పోతదనుకున్న. నలుగురి ముందట బాపును జుర్మానా అడిగిన. కన్నతండ్రిని సుత ఇడిసిపెట్టలేదని బజారంత మెచ్చుకున్నది. బాపు మొలకు కట్టుకున్న సంచి ఇప్పి రూపాయి నా చేతుల పెట్టిండు.

"రసీదు ఇయ్యవా?" అన్నడు.

ఆమె అక్కడనే నిలబడ్డది. కొంగుల బియ్యం తిరిగి పోస్తదేమో అనుకున్న. పోయలే. కొంగు గట్టిగ ముడేసుకొని పోయింది. బాపు ఆనాడు గద్దె దిగిండు, మల్ల ఎక్కలే.

ఆ యేడు బియ్యం పిరమైనయి. నేతకూలి మాత్రం ఉన్నకాడనే ఉన్నది. ఆమె సంచి కొంచెం కొంచెం తగ్గుకుంట వచ్చింది. ఇంటి కుండ ముందు మొగోళ్లకు, తర్వాత పిల్లలకు. ఆమె దవడలు లోపటికి పోయినయి. నేను చూసిన. చూసి, ధరలు దిగినంక మంచిగైతదిలే అనుకున్న.

బతుకమ్మకు వారం ముందు రాట్నం మీద ఒరిగిపోయింది. జరమన్నరు. జరమే కావచ్చు.

పావుకిలో బియ్యానికి ఆమె పెనిమిటి వచ్చిండు. సావు కర్మకు కావాల్నన్నడు. తూచి సంచిల పోసిన. నా చెయ్యి దానంతట అదే బస్తాలకు పోయి పిడికెడు పట్టుకొచ్చింది. ఆయన సంచి మూతి ముడిసిండు.

"వద్దు సేటు. గది ఆమె తీసుకునేది."

తెచ్చిన పిడికెడు మల్ల బస్తాలనే పోసిన.

ఎంత కాదన్నా దుకాణపోన్ని, లెక్క కట్టకుండ ఉండలేను. ఉగాది నుంచి ఆమె పోయిన దినం దాంక సుమారు నూట ఎనభై దినాలు. నా పిడికిలితోటి ఇరవై పిడికెళ్లకు కిలో తూగుతది, తూచి చూసిన. నూట ఎనభై పిడికెళ్లంటే తొమ్మిది కిలోలు. పిరమైన ఆ యేటి ధరకు సుత పది రూపాయలు దాటదు. ఆపైన బాపు కట్టిన రూపాయి నా చేతులకే వచ్చింది, దాన్ని సుత నా పేరు మీద బాకీగనే రాసుకోవాలె. పిడికెళ్లల్ల మాత్రం ఒకటి తీసెయ్యాలె, అది బాపు పెట్టిండు.

నూట డెబ్బై తొమ్మిది నావి.