బావ నెమ్మదించిన వానకాలం

నిద్రకని డాక్టరు రాసిచ్చిన చిన్న తెల్లమాత్ర వేసుకోవడం మొదలుపెట్టాక, పైవాటా కుర్రాళ్ల పాటల మోత మీద కూడా నాకు కోపం రావడం మానేసింది. నా మంచితనానికి నేనే మురిసిపోతుంటే మొన్న బావ గుర్తొచ్చాడు.

బావ అంటే మా పెద్దనాన్న కూతురి భర్త. తొంభైల్లో నేను పటాన్‌చెరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి. ఆయన బొల్లారంలో మందుల కంపెనీలో పనిచేసేవాడు. ఆయన కోపం బస్తీ అంతటికీ తెలుసు. కూరలో ఉప్పు తగ్గితే కంచం గోడకు తగిలేది. గోడ మీది మరకల్ని చూసి ఆ వారం ఏం వండారో చెప్పొచ్చని నేను వేళాకోళమాడేవాణ్ణి. అక్క కూడా నవ్వేది. కానీ అన్నం పెట్టగానే వెనక్కి జరిగి, తలుపు పక్కన నిలబడేది.

ఒక వానకాలం ఆయన మారిపోయాడు. ఇంటికొచ్చి, అరుగు మీద కూర్చుని, తడుస్తున్న మేకల్ని చూస్తూ ఉండిపోయేవాడు. "ఉప్పు తక్కువైందా?" అని అక్కే భయపడుతూ అడిగితే, "కానీతియ్, మంచిగనే ఉంది" అనేవాడు. తన మొక్కు ఫలించిందని అక్క ఇస్మాయిల్‌ఖాన్‌పేట గుడికి వెళ్లి భవానీ అమ్మవారికి ఒడిబియ్యం పోసి వచ్చింది. తలుపు దగ్గర నిలబడటం మానేసి, ఆయన ఎదురుగా కూర్చుని తినసాగింది.

దసరా దాటాక కంచం మళ్లీ లేచింది. ఈసారి అక్క చెయ్యి విరిగింది. మొక్కులో ఏం లోపం జరిగిందోనని ఆ కట్టు చేత్తోనే మళ్లీ గుడికి వెళ్లింది. అసలు సంగతి నాకు చాయ్ హోటల్లో బావతో పనిచేసే ఒకాయన చెప్పాడు. ఆ వానకాలం వాళ్ల కంపెనీకి నరాలను శాంతపరిచే మందు ఆర్డరు వచ్చిందట. బావది పొడి పట్టే మిషన్. మూతికి కట్టుకున్న గుడ్డ ఆ పొడిని ఆపేది కాదు. "ఆ సెక్షన్ల అందరం దేవుళ్లమే అన్నా! సూపర్‌వైజర్ తిట్టినా నవ్వుకుంట నిలబడుతుంటిమి. ఆర్డర్ అయిపోయింది, ఇగ ఎవని బుద్ధి వానికొచ్చింది" అని పకపకా నవ్వాడు.

అక్కకు చెప్పాను. కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని అంతా వింది. "మళ్ల ఎప్పుడు చేస్తరంట తమ్మీ, ఆ మందు?" అంది చివరికి.

నేను వెళ్లి అడిగితే, కోపానికి ఒంట్లోనూ కారణాలుంటాయని, చూసి మందిస్తానని, తీసుకురమ్మని సంగారెడ్డి డాక్టరు చెప్పాడు. ఆ మాట నేను చెప్పగానే బావ నా మీదికి లేచాడు. "ఏందిర బామ్మర్దీ, నేనేమన్న పిచ్చోన్నా? నా గుణమే గంత. గోలీలేసుకుంటే మారుతదా?" వానకాలమంతా పీల్చిన మనిషి, బతికినన్నాళ్లూ ఒక్క గోలీ నాలుక మీద పెట్టుకోలేదు. అక్క మళ్లీ తలుపు పక్కకే చేరింది.

బావ పోయిన పదోనాడు, ఆ మరకల గోడకు ఆనుకుని కూర్చున్న అక్క, "నేను కాపురం జేసింది ఆ ఒక్క వానకాలమే తమ్మీ" అంది. ఆ కాపురం బావతోనా, పొడితోనా అన్నది నాకు అప్పుడూ తేలలేదు, ఈ మాత్ర చేతిలో పట్టుకున్న ఇప్పుడూ తేలడం లేదు. అన్నేళ్లలో ఆమెకు దక్కిన మంచికాలం మాత్రం ఒక ఆర్డరు పూర్తయ్యేదాకానే నడిచింది.