తలూపిన సారు

భద్రమ్మ మిరపచేలల్లో కూలి చేస్తూనే ఫోన్లో మీటింగు రికార్డు చేయడం నేర్చుకుంది. మా కొండ మీద గని తవ్వుతామంటూ కంపెనీ పెద్దసారు ఫోన్లోనే వీడియో మీటింగు పెట్టిన రోజు ఊరంతా ఆమె చుట్టూ కూర్చుంది. ఎవరూ నోరు విప్పలేదు. మా దగ్గర పెద్ద మాటకు ఆ రోజే బదులివ్వరు. ఇంటికెళ్లి ఆలోచించి మర్నాడు చెబుతారు. అది తెలుసుకునే ఓపిక సారుకెక్కడిది? ఎవరికీ అభ్యంతరం లేదని చెప్పి ముగించేశాడు.

మర్నాడు ఊరు మళ్లీ కూడింది. సారు మాటలు ఇంకోసారి విందామని భద్రమ్మ రికార్డింగు పెట్టింది. అది నిన్నటిదని ముత్తయ్య తాతకు తెలియదు. లేచి, తలగుడ్డ తీసి, ఫోనుకు దండం పెట్టాడు.

"ఇప్పపువ్వు ఏరుకునేది ఆ కొండ మీదనే సారూ. మేం ఇయ్యం."

సరిగ్గా అప్పుడే తెరమీద సారు తలూపాడు.

"ఒప్పుకున్నడు" అంటూ తాత తృప్తిగా కూర్చున్నాడు. నిజం చెప్పడానికి భద్రమ్మకు నోరు రాలేదు. తాతతో ఆ మాటే మళ్లీ చెప్పించి, రికార్డు చేసి కంపెనీకి పంపింది. జవాబు రాలేదు.

వానలు తగ్గాక కొండ కిందికి యంత్రాలొచ్చాయి. తాత కర్ర పట్టుకుని నేరుగా భద్రమ్మ ఇంటికొచ్చాడు.

"ఫోను తీస్కో బిడ్డా, పోదాం. సారు తలూపింది వాళ్లకు సూపిద్దాం."