అవ్వ బొట్టు పెట్టిన బోర్డు

నాగ్‌పాడాలో ఇర్ఫాన్ భాయ్ రిపేరు దుకాణంలో మా పాత కంప్యూటర్ పక్క రేకు ఊడదీయగానే దుమ్ము వాసనతో పాటు ఊదుబత్తి వాసన వచ్చింది, దాని వెనకే సన్నగా పసుపు వాసన. పసుపు వాసన నిజంగానే వచ్చిందో, వస్తుందని ఎదురుచూశాను కాబట్టి వచ్చినట్టనిపించిందో ప్రమాణం చేసి చెప్పలేను. ఇర్ఫాన్ భాయ్ మాత్రం రెండుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకుని, మదర్‌బోర్డు మార్చెయ్యమన్నాడు. పెళ్లి పత్రికలు, బ్యానర్లు తయారుచేసి ఇవ్వడం నా బతుకుదెరువు. రెండు నెలలుగా ఈ కంప్యూటర్ పని మధ్యలో నిద్రపోతుంటే గిరాకీలు గుమ్మంలో నిలబడి నా ముఖం చూస్తున్నారు. బోర్డు మార్చడమే తెలివైన పని. అయినా సాయంత్రం చెప్తానని, కామాటిపురలో మేముండే వరసగదుల చాల్ వైపు నడిచాను.

ఆ బోర్డు మీద ఒక మూల స్క్రూ పక్కన వేలి కొనంత మచ్చ ఉంది. అది మా నాయనమ్మ పెట్టిన బొట్టు.

ఆమెను మేం అవ్వ అనేవాళ్లం. పాలమూరు నుంచి తాతతో పాటు కూలి పనికి ఈ మహానగరానికి వచ్చి, తాత గోడ కడుతుంటే తను తట్టలు మోసిన మనిషి. నాకు ఊహ తెలిసేనాటికి తాత లేడు, అవ్వకు తట్ట మోసే ఓపిక లేదు. గదుల ముందు సాగే మూడో అంతస్తు గ్యాలరీ చివర గోడకు ఆనుకుని కూర్చుని, ఆకూ వక్కా దంచుకుంటూ, వచ్చేపోయే వాళ్లందరి లెక్కా తనే చూసేది. తెల్లవారక ముందే నల్లా దగ్గర డ్రమ్ముల చప్పుడు, ఫాక్‌లాండ్ రోడ్ వైపు నుంచి వేడి పావ్ రొట్టె వాసన, వానాకాలమైతే గ్యాలరీకి కట్టిన తాటిపత్రి పట్టా మీద టపటపలు, ప్రతి గదిలోనూ జొన్నరొట్టె చరిచే చప్పుడు, మధ్యలో ఏ ఇంట్లోనో మరాఠీలో తగాదా మొదలై తెలుగులో ముగియడం, ఇవన్నీ ఆమె ముందు నుంచే సాగేవి. మేం గోటీలు ఆడి మట్టి కాళ్లతో వస్తే తిట్టి, తిట్టిన నోటితోనే బెల్లం ముక్క పెట్టేది. ఆ వేళ్లు నాకు ఇప్పటికీ పెదవుల మీద తెలుస్తాయి. ఏళ్ల తరబడి సిమెంటు తిని గీతలన్నీ అరిగిపోయిన వేళ్లవి. రేషన్ ఆఫీసులో ఎన్నిసార్లు అద్దినా ఆమె వేలిముద్ర నున్నగా చింతగింజలా పడేది, గుమాస్తా విసుక్కునేవాడు.

దసరా వస్తే చాల్ మొత్తం ఇంకో రంగుకు మారేది. బంతిపూలు గోనెసంచుల్లో దిగేవి. గ్యాలరీలో స్టవ్వులు బారుతీరి ఒకచోట గారెలు, ఒకచోట మాంసం కూర, పొగకు కళ్లు మండుతున్నా పిల్లలం అక్కడినుంచి కదిలేవాళ్లం కాదు. ఇక్కడివాళ్ల ఆప్టా ఆకూ, మన జమ్మి ఆకూ రెండూ జేబులో పెట్టుకుని, కనిపించిన పెద్దవాళ్లకల్లా బంగారమంటూ ఇచ్చి కాళ్లు మొక్కేవాళ్లం. అంతకు ముందు ఇంట్లో పనిముట్ల పూజ జరగాలి. తాత తాపీ, తూకం గుండు, సుత్తె, అమ్మ కుట్టుమిషను, అన్నీ కడిగి వరసగా పెట్టేవాళ్లు. బొట్టు పెట్టే హక్కు అవ్వదే, అందులో ఆమెకు ఒక పట్టింపు ఉండేది. తాపీకి పిడి మీద పెట్టనిచ్చేది కాదు.

"పిడికి వెడితే ఏమొస్తదిరా, పని జేసేది రేకు గదా" అనేది. కుట్టుమిషనుకైతే సూది పక్కనే పెట్టేది.

నాకు పదేళ్లున్నప్పుడు ఇంటికి ఈ కంప్యూటర్ వచ్చింది. ఫోర్ట్‌లో ఒక ఆఫీసులో ప్యూన్‌గా చేసే నాయిన, గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర దుకాణాల్లో ఒక్కొక్క భాగం ఏరి, కూర్పించి, టాక్సీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. నా కొడుకు తట్ట ముట్టొద్దని ఆయన పంతం. చాల్ పిల్లలంతా కారు పందెం ఆటకు మా గుమ్మం ముందు వరస కట్టేవాళ్లు, నేను రాజులా వంతులు పంచేవాణ్ని. ఆ ఏడు దసరాకు నాయిన భయభక్తులతో తెర మీద బొట్టు పెట్టబోతే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"గిది ఉత్త బొమ్మ సూపిచ్చేదే గదా. పని జేసేది ఏడుంది?"

"లోపట ఉంటది అవ్వా, మదర్‌బోర్డు" అన్నాను, అంతా తెలిసినవాణ్నే కదా.

"అయితే ఇప్పు."

నాయిన అడ్డం వచ్చాడు. "కరెంటు సామాన్ అమ్మా, తడి తగిల్తె ఖరాబైతది."

"నా చేతుల వడ్డంక ఖరాబైనది ఏదన్న ఉన్నదా?"

నాయిన వైర్లన్నీ పీకేసి, స్క్రూలు విప్పి, రేకు తీసి పక్కన పెట్టాడు. పసుపు అద్దిన వేలితో అవ్వ ఆ ఆకుపచ్చటి పలక మీదకు వంగి, ఎంతసేపు చూసిందో. తర్వాత నావైపు తిరిగి మెల్లగా అడిగింది: "ఏడ వెట్టాలె బిడ్డా? ఏడ వెడితే దానికి తకలీఫ్ గాదు?"

మూలన ఖాళీ జాగా నేనే చూపించాను. అక్కడ పసుపు, దాని మీద కుంకుమ. ఊదుబత్తి తిప్పి, "మా పోరనికి అన్నం వెట్టు" అంది కంప్యూటర్‌తో. పూర్తిగా ఆరిందాకా నాయిన కరెంటు పెట్టలేదు. ఆ తర్వాత ఇంకో రెండు దసరాలకు అదే చోట పెట్టింది. నాలుగో దసరాకు అవ్వ లేదు, రేకు విప్పమన్నవాళ్లూ లేరు.

ఇదంతా తలచుకుంటూ ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పాను. ఆమె నవ్వింది. "కొత్త బోర్డు ఏపిచ్చుకో, పాతది డబ్బాల దాసుకో. ఎవరొద్దన్నరు?"

మాట సరైనదే. కానీ డబ్బాలో పడుకునే వస్తువుకు అవ్వ ఎన్నడూ బొట్టు పెట్టలేదు. పనిచెయ్యని బోర్డు మీద ఆ మచ్చ ఉండి ఏం లాభం? అది నడుస్తూ ఉండాలి, నాకు అన్నం పెడుతూ ఉండాలి. గిరాకీలు పోతే పోనీ అనుకుని ఇర్ఫాన్ భాయ్‌కి ఫోన్ చేసి, బోర్డు మార్చొద్దు, బాగా సాఫ్ చేసి చూడమన్నాను. ఎందుకని అడిగాడు. మా అవ్వ బొట్టు ఉందని హిందీలో చెప్పడానికి సిగ్గేసింది. ఊరికే, పాతదే మంచిదన్నాను.

మర్నాడు వెళ్లేసరికి ఆయన ముఖం వెలిగిపోతోంది. "దేఖో, ఏక్‌దమ్ నయా!" అని కొత్తదానిలా మెరుస్తున్న బోర్డు చూపించాడు. స్పిరిట్ పోసి బ్రష్షుతో గంటసేపు రుద్దాడట. ఒక మూలన ఏదో మొండి మరక పట్టిందట, దాన్ని కూడా వదలలేదట. నేను వంగి చూశాను. ఆ మూల మచ్చ లేకుండా ఆకుపచ్చగా, తళతళలాడుతూ ఉంది. సాఫ్ చెయ్యమన్నది నేనే. అచ్ఛా కియా భాయ్ అని మెచ్చుకుని, కంప్యూటర్ ఒళ్లో పెట్టుకుని టాక్సీలో ఇంటికొచ్చాను. దారంతా కిటికీ వైపే ముఖం తిప్పుకుని కూర్చున్నాను, డ్రైవరు చూస్తాడని.

మా గ్యాలరీలో ఇప్పుడు తెలుగు ఇళ్లు మూడే మిగిలాయి, మిగతావాళ్లు విరార్‌కో భివండీకో వెళ్లిపోయారు. ఉన్న పిల్లలు నాతో మరాఠీలోనే మాట్లాడతారు. తాత తాపీ ఎవరి చేతికి పోయిందో తెలియదు. దసరాకు గోనెసంచుల్లో బంతిపూలు దించేవాళ్లు లేరు, కుర్రాళ్లు బండికి దండ వేసి, హారన్ కొట్టి ముగించేస్తారు. కంప్యూటర్ మాత్రం నెల దాటినా ఒక్కసారి కూడా ఆగలేదు. ఇక ఆ బోర్డు ఎప్పుడు మార్చమన్నా నాకేం అభ్యంతరం లేదు.