కంప కట్టని మొక్కలు

మా తర్లుపాడు వైపు ఏ మొక్క నాటినా ముందు చుట్టూ ముళ్లకంప పడాల్సిందే. కంప ఉంటే అది ఒకరి సొత్తు, లేకపోతే మేకలది. ఆ పద్ధతిలోనే పెరిగాను. అందులో తప్పుంటుందని కలలో కూడా అనుకోలేదు.

వానలు మొహం చాటేసిన ఒక ఏడాది నాయన మేకల మందను తూర్పుకు తోలుకెళ్తుంటే, డిగ్రీ సెలవుల్లో ఉన్న నేనూ వెంటపడ్డాను. రోజుల తరబడి నడిచి సముద్రం పక్కన చేపలు పట్టేవాళ్ల పాలెం చేరాం. మొదటి ఇంటామె అడక్కముందే బిందెడు నీళ్లు తెచ్చి మా దోసిళ్లలో పోసింది. ఆమె ఇంటి వెనకే మంద ఆపాం.

తెల్లారి చూస్తే ఆ ఇంటికీ ఉప్పుకాలువకూ మధ్య బురదలో మోకాలెత్తు మొక్కలు, వరసలుగా ఉన్నాయి. నాయన తటపటాయించాడు. ఎవరో నాటినట్టుందే అన్నాడు. చదువుకున్నదాన్ని కదా, నవ్వేశాను.

"కంప యాడుంది నాయనా? తోలు," అన్నాను.

ఎండుకొమ్మలు నమిలి విసిగిన మేకలు వాటి మీద పడ్డాయి. పాలెంవాళ్లంతా చేపల వేలానికి పోయి ఉన్నారు. వాళ్లు తిరిగొచ్చేలోపే మేం బయల్దేరిపోయాం.

ఐదేళ్లకు మళ్లీ కరువొచ్చి అదే దారి పట్టాం. ఆ తీరాన్ని తుఫాను కొట్టిందని అంతకుముందు టీవీలో చూశాం గానీ, మాకేం పట్టలేదు.

పాలెం మొదట్లోనే నా కాళ్లు ఆగిపోయాయి. ఆ మొక్కలు మనిషెత్తు దాటి, గుబురుగా, వేళ్లతో బురదను పట్టుకుని నిలబడ్డాయి. వాటి వెనకున్న ఇళ్లన్నీ ఉన్నాయి. ఒక్కచోట మాత్రం చెట్లు లేవు. దాని వెనక ఇల్లూ లేదు. మూడు పొయ్యిరాళ్లు, ఒక గడప మిగిలాయి. మంద ఎక్కడి నుంచి ఎక్కడి దాకా మేసిందో నాకు బాగా గుర్తుంది. ఖాళీ సరిగ్గా అంతే ఉంది.

అప్పుడు మాకు నీళ్లు పోసినామె ఇప్పుడు చెల్లెలి ఇంట్లో ఉంటోంది. మమ్మల్ని చూసి వచ్చింది. అవి మడచెట్లట. అలల దెబ్బ ఇళ్ల దాకా రాకుండా పాలెం ఆడవాళ్లే నాటుకున్నారట. మొక్కలు పోయినచోట రెండుసార్లు మళ్లీ నాటినా నిలవలేదట. నీళ్లు ఆ సందులోంచే వచ్చాయట. అందరూ బడిలో తలదాచుకున్నారు కాబట్టి ప్రాణాలు దక్కాయట.

నాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఆ మేకలు నాయి తల్లీ," అన్నాడు.

"తెలుసన్నా. మా ఊళ్లో మేకల్లేవుగా," అందామె. "మేమే ఏదన్నా అడ్డం కట్టుకోవాల్సింది. తోచలేదు," అంది.

వెళ్లి బిందె తెచ్చింది. నాయన వంగి దోసిలి పట్టాడు. నా వైపు చూడలేదు. తోలమన్నది నేనని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె బిందె నా వైపు వంచింది. దోసిలి పట్టి తాగాను. చెప్పలేదు.